మీకు తెలుసా? చైనా జాతీయగీతం ఒక సినిమా పాట!

ఒలింపిక్స్‌లో చైనా క్రీడాకారులు బంగారు పతకం గెలిచినప్పుడల్లా జెండా పైకి లేస్తుంటే ఒక పాట మోగుతుంది. బాకా మోతతో మొదలై నిమిషం నిండకుండానే ముగిసిపోతుంది. వింటుంటే సైన్యం కదిలి వెళ్తున్నట్టుంటుంది. ఏ సైనికాధికారో, ఏ ప్రభుత్వ కమిటీయో కూర్చుని రాయించి ఉంటారనుకుంటాం. కాదు. 1935లో షాంఘైలో విడుదలైన ఒక సినిమా కోసం పుట్టిన పాట అది. రాసినాయన నాటకాలే ప్రాణంగా బతికిన మనిషి. పేరు తియెన్ హాన్.

ఆయన నాటకాలు రాశాడు, సినిమాలకు కథలూ పాటలూ రాశాడు, షేక్‌స్పియర్‌ని చైనీస్‌లోకి తెచ్చాడు, చేతిలో డబ్బు లేకుండానే నాటక సమాజం నడిపాడు. ఇన్ని చేసినా ఆయన మనసు ఎప్పుడూ స్టేజీ మీద ఆడేవాళ్ళ దగ్గరే ఉండేది. ఒక ముక్క చెప్పి వదిలేయడానికి మనసొప్పని జీవితం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే.

తోలుబొమ్మల నుంచి హామ్లెట్ దాకా

తియెన్ హాన్ 1898 మార్చి 12న హునాన్ రాష్ట్రంలో, చాంగ్షా దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి యీ కచిన్ కష్టం చేసి పిల్లల్ని సాకింది. ఆ పల్లెల్లో తోలుబొమ్మలాటలు ఆడేవారు, స్థానికంగా పాడుకునే హునాన్ సంగీత నాటకాలూ ఉండేవి. పిల్లవాడికి నాటకం పిచ్చి అక్కడే పట్టుకుంది.

చాంగ్షాలో ఆయన చదివిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రిన్సిపాల్ షూ తలీ. మావో జెడాంగ్‌కు కూడా గురువైన షూ తలీ ఈయనే.

1916లో మేనమామ యీ షియాంగ్ తన వెంట జపాన్ తీసుకెళ్ళి చదివించాడు. టోక్యోలో ఈ కుర్రాడు పాఠాలతో పాటు నాటకాలూ, సినిమాలూ తనివితీరా చూశాడు. గువో మోరువో, జోంగ్ బైహువా అనే ఇద్దరు యువకవులతో ఆయన నడిపిన ఉత్తరాలు 1920లో ‘మూడాకుల సంపుటి’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ప్రేమ, కవిత్వం, పెళ్ళి, జర్మన్ కవి గోథే, ఏదీ వదల్లేదు ఆ ముగ్గురూ. అదే ఏడాది చివర్లో స్వదేశంలో హునాన్ సైనిక నాయకుల కొట్లాటల్లో మేనమామ హత్యకు గురయ్యాడు. తండ్రిలా వేలు పట్టుకుని నడిపించిన మనిషి అలా పోయాడు. ఆ మేనమామ కూతురు యీ షూయూనే తియెన్ హాన్ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కూడా 1925లో జబ్బుచేసి చనిపోయింది.

ఇక హామ్లెట్ సంగతి. అంతకు ముందు చైనా పాఠకులకు షేక్‌స్పియర్ తెలియక కాదు. చార్లెస్, మేరీ లాంబ్‌లు పిల్లల కోసం తిరగరాసిన షేక్‌స్పియర్ కథల్ని లిన్ షు అనే పండితుడు 1904లో చైనీస్‌లోకి తెచ్చాడు. లిన్ షుకు పరాయి భాష ఒక్కటీ రాదు. వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని నోటితో చెప్తుంటే ఆయన గ్రాంథిక చైనీస్‌లో చకచకా రాసుకుపోయేవాడు. అంటే జనానికి అందింది కథలే గానీ నాటకం కాదు. హామ్లెట్‌ని నాటకంగానే, సంభాషణలు సంభాషణలుగానే, జనం మాట్లాడే భాషలో మొదటిసారి పూర్తిగా అనువదించినవాడు తియెన్ హాన్. 1922లో పుస్తకం వచ్చేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఇక్కడ గిడుగు రామమూర్తిగారు వ్యావహారికం కోసం పోరాడుతున్న ఆ రోజుల్లోనే అక్కడా అదే పోరు నడుస్తోంది. వాడుక భాషలో హామ్లెట్ మాట్లాడితే ఎంత సంచలనమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

డ్రాయింగు రూములో వారం రోజుల తిరనాళ్ళు

1927 డిసెంబరు. షాంఘైలో తియెన్ హాన్ బాధ్యత చూస్తున్న ఒక కళాశాల దగ్గర డబ్బుల్లేవు. హాలు అద్దెకు తీసుకునే స్తోమత లేదు. ఉన్న భవనంలోని డ్రాయింగు రూమునే నాటకశాల చేశారు. పట్టుమని వందమంది పట్టని చోటు. ఆ గదిలో వారం పాటు నాటకాలు ఆడారు. దానికి పెట్టుకున్న పేరు ‘చేపలూ డ్రాగన్ల మేళా’. ఇంకా ఈత నేర్చుకుంటున్న విద్యార్థులు చేపలు, పేరుమోసిన నటులు డ్రాగన్లు. ఆ డ్రాగన్లు ఎవరనుకున్నారు? పెకింగ్ ఒపేరాలో మహానటుడు జో షిన్‌ఫాంగ్, ఆధునిక నాటకానికి ఆద్యుల్లో ఒకడైన ఒవ్‌యాంగ్ యూచియెన్. అంతటివాళ్ళు వచ్చి ఆ గదిలో కుర్రవాళ్ళ పక్కన వేషం కట్టారు.

తియెన్ హాన్ నాటకాల్లో నాకు అన్నిటికన్నా దగ్గరైన ‘పేరుపడ్డ నటుడి మరణం’ తెర మీదికి వచ్చింది ఆ గదిలోనే. కథ పెద్దదేం కాదు. ల్యూ జెన్‌షెంగ్ అనే వయసు మళ్ళిన ఒపేరా నటుడు. కళ అంటే ప్రాణం. ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దిన శిష్యురాలు ఒక డబ్బున్న ఆసామి వలలో పడి, సాధన మానేసి, నగలూ షికార్లూ అంటూ జారిపోతుంది. మూడో అంకంలో ఆ ఆసామి మనుషులు కింద కూర్చుని గోల చేస్తుంటారు. ల్యూ ఒంట్లో ఓపిక లేకపోయినా వేషం కట్టుకుని స్టేజీ ఎక్కుతాడు. గొంతు పట్టు తప్పుతుంది. వెక్కిరింతలు పెరుగుతాయి. ఆ కేకల మధ్యే స్టేజీ మీద కుప్పకూలిపోతాడు. షాంఘైలో 1921లో చనిపోయిన ల్యూ హోంగ్‌షెంగ్ అనే నిజమైన ఒపేరా నటుడి చావు తియెన్ హాన్ మనసులో పడి ఉంది. అది ఇలా నాటకమైంది.

ఆయన సమాజం పేరు ‘నాన్‌గువో’, అంటే దక్షిణ దేశం. జేబులో పైసా లేకున్నా ఊరూరా తిరిగారు. 1930లో వాళ్ళు ‘కార్మెన్’ ఆడాక ప్రభుత్వం కన్నెర్ర చేసి సమాజాన్ని మూయించింది. కార్మెన్ స్పెయిన్ పిల్ల కథే అయినా చూసినవాళ్ళు అందులో తమ కథను పోల్చుకున్నారు, అధికారులూ పోల్చుకున్నారు. తియెన్ హాన్ అప్పటికే వామపక్ష రచయితల్లో చేరిపోయాడు. 1932లో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడయ్యాడు.

మారుపేరుతో సినిమాలు

పోలీసుల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. అందుకని సినిమాలకు ‘చెన్ యూ’ అనే పేరుతో రాశాడు. వాటిలో బాగా పేరొచ్చింది ‘ముగ్గురు ఆధునిక స్త్రీలు’. అందులో టెలిఫోన్ ఆపరేటరుగా తన కాళ్ళ మీద తాను నిలబడే అమ్మాయి పాత్ర రువాన్ లింగ్యూది. అప్పటిదాకా కన్నీటి పాత్రలకు పెట్టింది పేరైన ఆమెకు అది కొత్త మలుపు. (ఆ మహానటి 1935 మార్చిలో ఇరవై నాలుగేళ్ళకే ఆత్మహత్య చేసుకుంది. అదొక వేరే కథ, వేరే దుఃఖం.)

1933 నవంబరు 12న ఒక గుంపు షాంఘైలోని యీహువా స్టూడియో మీద పడి సామాన్లు ధ్వంసం చేసి వెళ్ళింది. తియెన్ హాన్ కథలు అందిస్తున్న స్టూడియో అది. తర్వాత సినిమా హాళ్ళకు హెచ్చరికలు వెళ్ళాయి. ఫలానా వాళ్ళ సినిమాలు ఆడించొద్దు అంటూ ఇచ్చిన పేర్లలో తియెన్ హాన్ పేరూ ఉంది. మారుపేరు వెనక ఎవరున్నారో వాళ్ళకు తెలియకపోలేదు.

సినిమా పాటల్లోనూ ఆయన చేయి తిరిగింది. 1937 నాటి ‘వీధి దేవత’ సినిమాలో జో షువాన్ అనే పడుచు గాయని పాడిన రెండు పాటలు ఈనాటికీ చైనీస్ మాట్లాడే ప్రతి ఇంటికీ తెలుసు. మాటలు తియెన్ హాన్‌వే. పోరాట గీతం రాసిన చెయ్యే దిక్కులేని పాటగత్తె ప్రేమనూ రాసింది. ఆయన తర్వాత జీవితం పంచుకున్న ఆన్ ఎ కూడా కవయిత్రే. చైనా పిల్లలు తరతరాలుగా పాడుకునే పేపర్లమ్మే పిల్ల పాట ఆమె రాసిందే. దానికి వరస కట్టింది నియె అర్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

రాసినవాడు జైల్లో, వరస కట్టినవాడు సముద్రం అవతల

నియె అర్ యున్నాన్ రాష్ట్రంలోని కున్‌మింగ్ కుర్రాడు. 1912లో పుట్టాడు. వయొలిన్ వాయించేవాడు. వీధిలో వినపడే ప్రతి అరుపునూ, కూలీల హైలెస్సలనూ చెవిలో దాచుకునేవాడు. తియెన్ హాన్ కంటే పద్నాలుగేళ్ళు చిన్న. ఇద్దరూ కలిసి పాటలు చేశారు, ఓడరేవు కూలీల మీద ఒక సంగీత నాటకం చేశారు. పార్టీలో అతన్ని చేర్పించిందీ తియెన్ హానే.

అప్పటికే జపాన్ మంచూరియాను మింగేసి ఉత్తర చైనా మీదికి వస్తోంది. 1935 మొదట్లో తియెన్ హాన్ ఒక సినిమా కథ అనుకున్నాడు. ప్రేమా విలాసం మధ్య కొట్టుకుపోతున్న ఒక యువకవి, స్నేహితుడి మరణంతో కళ్ళు తెరిచి శత్రువు మీదికి వెళ్తాడు. సినిమా పేరు ‘అల్లకల్లోల కాలపు బిడ్డలు’. కథా సారాంశం రాశాడు, చివర ఒక పాట రాశాడు. ఇంతలో ఫిబ్రవరిలో పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. స్నేహితుడు షియా యెన్ ఆ సారాంశాన్ని పట్టుకుని స్క్రీన్‌ప్లేగా విస్తరించాడు. పాట సిగరెట్ పెట్టెలో ఉండే పల్చటి కాగితం మీద రాసి ఉందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. పాట ఉన్న పేజీ తడిసి అక్షరాలు అలుక్కుపోతే కూడబలుక్కుని తిరిగి రాసుకోవాల్సి వచ్చిందని ఇంకో కథ. ఏది ఎలా ఉన్నా, ఆ కాగితాన్ని పారేయకుండా కాపాడిన చేతులకు చైనా రుణపడి ఉంది.

వరస నేను కడతానని నియె అర్ ముందుకొచ్చాడు. ఆ పాట మాటల్లో పాదాలు సమానంగా ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. స్టేజీ మీద నిలబడి జనంతో మాట్లాడే పాత్ర డైలాగులా ఉంటుంది. ఇలాంటిదానికి వరస కట్టడం తేలిక కాదు. నియె అర్ ఏం చేశాడంటే, లేవండి అనే అర్థమున్న ఒక్క మాటను మూడుసార్లు, ఒక్కోసారీ ఒక్కో మెట్టు పైకెక్కిస్తూ పలికించాడు. చివర ముందుకు నడవమనే మాటను మళ్ళీ మళ్ళీ అనిపించి, ఆఖరున ఒక్క అక్షరాన్ని కొసరుగా తగిలించాడు. ఆ కొసరు దగ్గర పాట ఆగదు, దూకుతుంది. నాటకకర్త రాసిన ప్రసంగం కవాతుగా మారింది అక్కడే.

నియె అర్ మీదా అరెస్టు కత్తి వేలాడుతోంది. ఏప్రిల్‌లో జపాన్ వెళ్ళిపోయి అక్కణ్ణించే తుది స్వరలిపి పంపాడు. మే 24న షాంఘైలో సినిమా విడుదలైంది. జనం కాగడాలు పట్టుకుని నడుస్తుంటే తెర మీద ఆ పాట మోగింది. ఆ రోజు హాల్లో రాసినవాడు లేడు, నాన్‌జింగ్ జైల్లో ఉన్నాడు. వరస కట్టినవాడూ లేడు, సముద్రం అవతల ఉన్నాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. జూలై 17న జపాన్‌లోని ఫుజిసావా దగ్గర కుగెనుమా తీరంలో ఈతకు దిగిన నియె అర్ మునిగిపోయాడు. ఇరవై మూడేళ్ళు. జామీను మీద అప్పుడప్పుడే బయటికొచ్చిన తియెన్ హాన్‌కు ఆ వార్త ఎదురొచ్చింది.

ఇక్కడ ఆగి ఒక్క సంగతి తలచుకోవాలనిపిస్తుంది. తియెన్ హాన్ నాటకం నేర్చుకున్నది జపాన్‌లో. 1926లో జపాన్ రచయిత తనిజాకి షాంఘై వస్తే ఆయన్ని వెంటేసుకుని ఊరంతా తిప్పిన స్నేహితుడు తియెన్ హానే. ఆ దేశపు సైన్యం మీదికే లేవమని పాట రాయాల్సి వచ్చింది. ఆ పాటకు వరస కట్టిన కుర్రాణ్ణి ఆ దేశపు సముద్రమే తీసుకుంది. ఆ కుర్రాడి జ్ఞాపకార్థం కుగెనుమా తీరంలో స్మారక చిహ్నం నిలబెట్టినవాళ్ళూ జపాన్ వాళ్ళే.

న్యూయార్క్‌లో చైనీస్ గొంతు

ఈ పాటను అమెరికాలో వినిపించినవాడు పాల్ రాబ్సన్. ల్యూ లియాంగ్‌మో అనే చైనా యువకుడి దగ్గర నేర్చుకుని, ఆ నల్లజాతి మహాగాయకుడు 1940లో న్యూయార్క్‌లో వేలమంది ముందు చైనీస్‌లోనే పాడాడు. 1941లో ‘చీ లాయ్’ పేరుతో రికార్డు కూడా ఇచ్చాడు. అణగారిన ఒక జాతి పాటను మరో అణగారిన జాతి గొంతెత్తి పాడటం కంటే ఆ పాటకు గొప్ప గౌరవం ఏముంటుంది?

యుద్ధకాలంలో తియెన్ హాన్ కూర్చున్న చోట కూర్చోలేదు. ఒపేరా బృందాలనూ, ఆధునిక నాటక బృందాలనూ ఊళ్ళ మీదికి, సైనిక శిబిరాలకు నడిపించాడు. 1944లో ఫిబ్రవరి నుంచి మే దాకా గ్విలిన్ నగరంలో ఒవ్‌యాంగ్ యూచియెన్‌తో కలిసి నైరుతి రాష్ట్రాల నాటకోత్సవం జరిపారు. బాంబుల భయం ఉంది, తిండికి కరువు ఉంది, అయినా వందలాది కళాకారులు తరలి వచ్చారు. అదే ఏడాది నవంబరులో ఆ ఊరు జపాన్ సేనల చేతికి చిక్కింది.

పాము కథకు పదేళ్ళు

మనిషి రూపం ధరించిన తెల్లపాము ఒక సామాన్య యువకుణ్ణి ప్రేమించి పెళ్ళాడటం, ఒక సన్యాసి వాళ్ళను విడదీసి ఆమెను హాంగ్‌జో పడమటి సరస్సు పక్కన గోపురం కింద బంధించడం చైనాలో పిల్లలకు కూడా తెలిసిన కథ. తియెన్ హాన్ యుద్ధకాలంలో దాన్ని పట్టుకుని, పదేళ్ళకు పైగా చెక్కుతూ చెక్కుతూ 1950ల్లో పెకింగ్ ఒపేరాగా పూర్తి చేశాడు. పాత కథల్లో సగం భయపెట్టే పిశాచిలా ఉండే పాము ఆయన చేతిలో పూర్తిగా ఒక స్త్రీ అయింది. కట్టుకున్నవాణ్ణి నమ్మి, వాడు నమ్మనప్పుడు కుమిలి, చివరిదాకా పోరాడే స్త్రీ. ఇప్పటికీ పెకింగ్ ఒపేరా నటీమణులు ఎక్కువగా ఆడేది ఈ ప్రతినే.

వేషం కట్టేవాళ్ళ కోసం

1949 సెప్టెంబరు 27న కొత్త చైనా నాయకులు ఈ సినిమా పాటను తాత్కాలిక జాతీయగీతంగా తీసుకున్నారు. అప్పటికి ప్రజల నుంచి ఆరు వందలకు పైగా రచనలు వచ్చి ఉన్నాయి. వాటిని కాదని దీన్నే ఎంచుకున్నారు. దేశం గెలిచింది కదా, ఇంకా ప్రమాదం అంటూ పాడటమేమిటి, మాటలు మార్చాలి అని కొందరు అన్నారు. మార్చొద్దనే తేలింది.

తియెన్ హాన్‌కు పదవులు వచ్చాయి. నాటకరంగ సంస్కరణ బాధ్యత, నాటకకర్తల సంఘం అధ్యక్షత. ఆ హోదాలో 1956లో ఊళ్ళు తిరిగాడు. వేడుకల్లో ముందు వరుసలో కూర్చుని రాలేదు, నటులు ఉండే గదుల్లోకి వెళ్ళాడు. జీతాలు అందని ముసలి నటులు, చలికి తట్టుకోలేని వసతి, చేరి ఏళ్ళు గడిచినా ఒక్క మంచి పాత్ర దక్కక వయసు కరిగిపోతున్న కుర్ర నటీమణులు ఆయనకు కనపడ్డారు. తిరిగొచ్చి పత్రికలో రెండు వ్యాసాలు రాశాడు. ఒకటి కళాకారుల బతుకులు బాగుచేయమని, రెండోది నటీనటుల యవ్వనం వృథా చేయొద్దని. సొంత ప్రభుత్వం మీద సొంత పేరుతో చేసిన ఫిర్యాదది. ‘పేరుపడ్డ నటుడి మరణం’ రాసిన మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ల్యూ జెన్‌షెంగ్‌ను మరిచిపోలేదని ఆ వ్యాసాలు చెప్తాయి. తర్వాత ఆయన మీద మోపిన నేరాల్లో అవీ చేరాయి.

తన రాత తానే రాసుకున్నట్టు

1958లో, యువాన్ వంశకాలపు మహా నాటకకర్త గువాన్ హాన్‌చింగ్‌కు ఏడు వందల ఏళ్ళ ఉత్సవం చేశారు. ఆ సందర్భంగా తియెన్ హాన్ ఆయన మీదే నాటకం రాశాడు. బీజింగ్ పీపుల్స్ ఆర్ట్ థియేటర్ ఆడింది. ఆధునిక చైనా నాటకాల్లో మేటి వాటిలో ఇదొకటి అంటారు. నేనైతే ఆ మాట ఇంకా గట్టిగా అంటాను.

మంగోలుల పాలన. రాజధాని వీధిలో ఒక నిర్దోషి అయిన ఆడపిల్లను శిరచ్ఛేదానికి తీసుకెళ్తుంటే గువాన్ హాన్‌చింగ్ చూస్తాడు. చేతిలో కలం తప్ప ఏమీ లేని మనిషి. ఆ అన్యాయాన్ని ‘దో ఎ’ అనే అమ్మాయి కథగా రాయడానికి కూర్చుంటాడు. రాయగలిగితే ఆడే పూచీ నాదంటుంది నటి జు లియెన్‌షియు. చూసిన మంత్రి అహ్మద్ మండిపడి, మర్నాటి ఆటకు మాటలు మార్చమంటాడు. ఒక్క మాట మార్చకుండా ఆడతారు. అందుకు శిక్షగా ఒక నటి కళ్ళు పీకిస్తాడు. రచయితనూ, జు లియెన్‌షియునూ చెరలో వేస్తారు.

ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆ నాటకకర్తకు పట్టిన గతే ఈ నాటకం రాసినవాడికీ పట్టింది.

1961లో ఆయన ‘షియె యావ్‌హువాన్’ అనే పెకింగ్ ఒపేరా రాశాడు. వూ జెతియెన్ మహారాణి కాలంలో దక్షిణాదికి తనిఖీకి వెళ్ళిన ఒక ఆస్థాన స్త్రీ, రైతుల భూములు లాక్కుంటున్న దొరల్ని నిలదీసి చిత్రహింసల్లో ప్రాణం వదులుతుంది. 1966 ఫిబ్రవరిలో ప్రభుత్వ పత్రిక దాన్ని విషపు మొక్క అంది. ప్రజల తరఫున మొరపెట్టుకోవడమే తప్పయింది. ఆ ఏడాది డిసెంబరులో ఆయన్ని పట్టుకెళ్ళి బంధించారు. ఎప్పటి నుంచో మధుమేహం ఉన్న మనిషి. దెబ్బలు, అవమానాలు, పేజీలకు పేజీలు నేరాంగీకార పత్రాలు రాయడం. ఒంట్లో బాగా లేక ఆస్పత్రికి మార్చినప్పుడు రిజిస్టరులో రాసిన పేరు ‘లీ వు’. జీవితమంతా కలం పేర్లు తానే ఎంచుకున్న రచయితకు ఆఖరి పేరు మాత్రం ఇంకొకళ్ళు పెట్టారు. 1968 డిసెంబరు 10న ఆ పేరుతోనే పోయాడు. డెబ్బై ఏళ్ళు. తోలుబొమ్మల ఊళ్ళో కష్టపడి పెంచిన తల్లి అప్పటికి ఇంకా బతికే ఉంది, కొడుకు వస్తాడని చూస్తూ.

ఆ ఏళ్ళలో జాతీయగీతం మోగాల్సి వస్తే బాజాలే మోగేవి. మాటలు పాడేవారు కాదు, ఎందుకంటే అవి రాసింది ఆయన. 1978లో అదే వరసకు కొత్త మాటలు తగిలించారు.

1979 ఏప్రిల్‌లో బీజింగ్‌లో ఆయన పేరు మీది మచ్చ తుడిచి సంస్మరణ సభ జరిపారు. చితాభస్మం పెట్టె పెట్టారు గానీ అందులో భస్మం లేదు, ఎవరూ దాచలేదు. బదులుగా ఆయన కళ్ళద్దాలు, ఒక కలం, ‘గువాన్ హాన్‌చింగ్’ నాటకం పుస్తకం, ఆ పాట పెట్టారు. మాటలు తిరిగి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1982 డిసెంబరు 4న చైనా పార్లమెంటు పాత మాటల్నే మళ్ళీ జాతీయగీతం చేసింది. 2004లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది.